పడగ్గది తలుపు మీద ఎర్ర కార్డు

నాకు అనుమానం ఎక్కువని మా వాళ్ళంతా అంటారు. ఎక్కువేం కాదు, సరిపడా ఉంది. పక్క వీధి బట్టల షాపువాడు మీటరు కర్రని రెండు వేళ్ళ మేర కోసి పెట్టుకున్నాడని కనిపెట్టింది నేనే. మా బిల్డింగ్‌లో నీళ్ళ పంపు ఎవరు కట్టకుండా వదిలేస్తున్నారో పట్టుకున్నదీ నేనే. ఇంటికొచ్చిన మనిషి చెప్పుల్ని చూసి అతను ఎంతసేపు కూర్చుంటాడో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, ఇరవై నాలుగేళ్ళు కలిసి బతికిన మనిషిని ఆ మంగళవారం అర్థం చేసుకోలేకపోయాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన గురించి చెప్పాలి.

మా ఆయన లిఫ్టు మెకానిక్. పందొమ్మిదో ఏట గ్రీజు డబ్బా మోయడానికి చేరారు, ఇప్పటికీ అదే కంపెనీ. ముదురు నీలం రంగు చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు, గోళ్ళ సందుల్లో ఎంత రుద్దినా వదలని నలుపు. మాట తక్కువ. పెళ్ళైన కొత్తలో ఏ చుట్టాల ఇంటికి వెళ్ళినా ఈయన ముందు లిఫ్టు ఎక్కి కళ్ళు మూసుకునేవారు. దిగాక "బేరింగు పోతోంది" అనో, "తలుపు రోలర్లు అరిగాయి" అనో నాతో చెప్పేవారు. ఆ ఇంటివాళ్ళు కొత్త సోఫా చూపిస్తుంటే ఈయన మనసంతా ఆ రోలర్ల మీదే ఉండేది. వెళ్ళేటప్పుడు జేబులోంచి స్క్రూ డ్రైవరు తీసి ఏదో ఒకటి బిగించి గానీ వచ్చేవారు కాదు. మా పిన్ని ఒకసారి, "అల్లుణ్ణి పిలవాలా, లిఫ్టు బాగు చేయించాలా, రెండూ ఒక ఖర్చుతో అయిపోతాయి" అంది.

కొత్త పెళ్ళాంతో మగవాళ్ళు ఏవేవో కబుర్లు చెబుతారంటారు. ఈయన నాకు చెప్పిన కబురు ఎర్ర కార్డు గురించి. లిఫ్టుకి పైన ఒక గది ఉంటుంది, అందులో మోటారు, మెయిన్ స్విచ్ ఉంటాయి. మెకానిక్ లిఫ్టు మీదికి ఎక్కినా, కింద గుంటలోకి దిగినా, ముందు ఆ స్విచ్ ఆపి దానికి తన ఎర్ర కార్డు తగిలించాలి. కార్డు మీద అతని ఫొటో ఉంటుంది. 'మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వేయరాదు' అని రాసి ఉంటుంది. "పెట్టినవాడే తియ్యాలి. కంపెనీ ఓనరు వచ్చినా సరే, ఇంకొకడు తియ్యకూడదు" అన్నారు ఆయన, నా చేతిలో ఆ కార్డు పెట్టి చూపిస్తూ. ఫొటోలో ఒత్తయిన జుట్టు ఉంది. ఆ జుట్టు పోయింది గానీ కార్డు ఇప్పటికీ అదే.

ఇక నేను. ఇంట్లోనే కుట్టు పని చేస్తాను. కొత్త బట్టలు కుట్టను, ఉన్నవాటికి రిపేర్లు. ప్యాంట్ల పొడుగు తగ్గించడం, జిప్పులు మార్చడం, కోటు భుజాలు సరిచేయడం. నా చెయ్యి ఖాళీగా ఉండదు. మా నాన్న, ఊరికే కూర్చున్న మనిషి కనబడితే "ఒంట్లో బాగా లేదా?" అని అడిగేవాడు. అది పరామర్శ కాదు. ఆ ఇంట్లో పెరిగిన నాకు కూడా పనీ పాటా లేకుండా కూర్చున్నవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మా ఆయన అలా కూర్చునే మనిషి కాదని నాకెంత గర్వమో చెప్పలేను. ఆ నెలలో ఎండలు మండిపోయాయి, ఊళ్ళో లిఫ్టులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. ఈయనకి రెండు వారాలుగా ఊపిరి సలపని పని. మధ్యలో రెండు వారపు సెలవులు వచ్చాయి. మొదటిదాంట్లో మధ్యాహ్నం కాస్త నడుం వాల్చబోతే, వంటింటి అలమర తలుపు ఊగుతోందని లేపాను. రెండోది ఆ మంగళవారానికి ముందు ఆదివారం. ఆఫీసు నుంచి ఫోను వచ్చేసరికి ఆయన స్నానంలో ఉన్నారు. నేనే ఎత్తి, "వస్తారండీ, ఇంట్లో ఖాళీగానే ఉన్నారు" అని చెప్పేశాను. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, విని, చొక్కా వేసుకున్నారు.

మంగళవారం పొద్దున ఆరున్నరకి టీ కప్పు పట్టుకుని వెళ్తే ఆయన మంచం మీదే ఉన్నారు. నిద్రలో లేరు. పైకప్పుకేసి చూస్తున్నారు.

"లేవలేదేం?"

"ఇవాళ వెళ్ళను. ఆఫీసుకి చెప్పేశాను."

"మరి ఇంట్లో ఉండి ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యను."

ఈ మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు నేను. కప్పు బల్ల మీద పెట్టి ముందు ఆయన నుదురు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. నాలుక చూపించమన్నాను. చూపించారు, బాగానే ఉంది. కడుపులో నొప్పా అంటే కాదన్నారు. తల తిరుగుతోందా అంటే లేదన్నారు.

"జ్వరం లేదు, నొప్పి లేదు. మరెందుకు?"

"ఒక్క రోజు ఊరికే ఉంటాను. అంతే."

టీ తాగి లేచారు. దారిలోకి వచ్చారులే అనుకున్నాను. హాల్లోకి వెళ్ళి పని సంచీలోంచి తన ఎర్ర కార్డు తెచ్చారు. దానికున్న తాడుని పడగ్గది తలుపు పిడికి తగిలించి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వేయరాదు. ఒత్తయిన జుట్టుతో కుర్రాడు ఫొటోలోంచి నన్ను చూస్తున్నాడు. మా ఆయన హాస్యాలాడే మనిషి కాదు. అందుకే నాకు నవ్వు రాలేదు.

మా అమ్మ మాతోనే ఉంటుంది. చెవులు సరిగా వినబడవు గానీ అనుమానం మాత్రం నాకంటే ఒక పాలు ఎక్కువ. బాల్కనీలో కుర్చీలోంచి మెడ చాపి ఆ కార్డుని చూసింది.

"ఉద్యోగం పోయుంటుందే."

"ఊరుకో అమ్మా, పొద్దున్నే."

"మీ పెద్దనాన్న కూడా ఇలాగే ఒకరోజు ఊరికే పడుకుంటానన్నాడు. మూడేళ్ళు లేవలేదు."

కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను గానీ సూది బట్ట మీద ఉంటే మనసు తలుపు మీద ఉంది. ఉద్యోగం పోతే చొక్కా తిరిగి ఇచ్చేయాలి కదా, అది తీగ మీద ఆరుతోంది. వేరే ఆడదేమో అన్న అనుమానం కూడా వచ్చింది, దాచడం ఎందుకు. కానీ వేరే సంసారం ఉన్నవాడు అక్కడికి వెళ్ళి పడుకుంటాడు గానీ ఇక్కడెందుకు పడుకుంటాడు? లాటరీ తగిలిందేమో అని కూడా ఒక నిమిషం అనుకున్నాను. అంత అదృష్టం మా గుమ్మం ఎక్కదు. ఇన్ని అనుమానాల్లో ఆ మనిషి అలిసిపోయాడేమో అన్న ఒక్కటి మాత్రం నాకు తట్టలేదు.

పది గంటలకి ఒకావిడ కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. కొలత తీస్తుంటే ఆమె కళ్ళు ఆ తలుపు మీదే.

"ఏంటండీ, లోపల ఏమైనా రిపేరా?"

"మా ఆయన పడుకున్నారు."

"అయ్యో, ఒంట్లో బాగా లేదా?"

అచ్చం మా నాన్న గొంతే వినబడింది నాకు. తల కొట్టేసినట్టయింది. "రాత్రి డ్యూటీ" అని అబద్ధం చెప్పాను. ఆమె వెళ్ళాక తలుపు తీసి చూశాను. నిద్రపోవడం లేదు. గోడకేసి తిరిగి పడుకుని, కుడి చేతిని కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంటున్నారు. వేళ్ళు ముడుస్తున్నారు, తెరుస్తున్నారు. నన్ను చూసి చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నారు. నిమ్మకు నీరెత్తినట్టు పడుకున్న మనిషి చెయ్యి దాచుకోవడమెందుకు? తలుపు వేసి సరాసరి ఆయన పని సంచీ దగ్గరికి వెళ్ళాను.

మొగుడి సంచీ వెతకడం తప్పేనంటారు. అవును తప్పే. వెతికాను. పానాలు, స్క్రూ డ్రైవర్లు, టార్చి, గుడ్డ, అన్నీ ఎప్పటిలాగే వరసలో ఉన్నాయి. అడుగున, గుడ్డ కింద, ఇంకో ఎర్ర కార్డు ఉంది. ఆయనది తలుపు మీద ఉందిగా, ఇదెవరిది? తిప్పి చూస్తే మేకు ఫొటో.

మేకు మా ఆయనతో ఎనిమిదేళ్ళుగా జతగా పనిచేసే మెకానిక్. సన్నగా, పొడుగ్గా, తల కాస్త వెడల్పుగా ఉంటాడని కంపెనీలో అందరూ అలాగే పిలుస్తారు. నన్ను వదినా అంటాడు. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. వాళ్ళ గౌన్లు నేనే సరిచేసి ఇస్తుంటాను. తన ఫొటో ఉన్న కార్డుని ఏ మెకానిక్కూ ఇంకొకడికి ఇవ్వడు. మరి మేకు కార్డు మా ఆయన సంచీలో, అదీ గుడ్డ కింద దాచిపెట్టి, ఎందుకుంది? ఇద్దరూ కొట్టుకున్నారా? మేకు ఏదైనా తప్పు చేస్తే ఈయన తన మీద వేసుకున్నారా? కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగి, చివరికి మేకుకే ఫోను చేశాను.

"ఏమయ్యా, నీకూ మీ అన్నకీ ఏమైంది?"

"ఏమీ కాలేదు వదినా. అన్న పడుకున్నాడా?"

"పొద్దున్నుంచీ పడుకునే ఉన్నారు. నీ కార్డు మా ఇంట్లో ఎందుకుంది?"

"పడుకోనివ్వు వదినా" అని ఫోను పెట్టేశాడు. ఎప్పుడు ఫోను చేసినా పిల్లల దగ్గు దాకా చెప్పేవాడు, రెండు ముక్కల్లో పెట్టేశాడు. ఇక నాకు పూర్తిగా తెలిసిపోయింది, ఏదో ఉంది. ఏముందో తెలియదు, అంతే.

పదకొండున్నరకి మా బిల్డింగ్ లిఫ్టు ఆగిపోయింది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుంది. అదృష్టం కొద్దీ లోపల ఎవరూ లేరు. పావు గంటలో సెక్రటరీ గారు మా తలుపు కొట్టారు. రిటైరయ్యాక మా బిల్డింగ్ వ్యవహారాలన్నీ ఈయనే చూస్తారు. చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. ఏ చిన్న పొరపాటు జరిగినా సంబంధించినవాళ్ళ పైవాళ్ళకి ఫోను చేయడం ఆయనకి సరదా. మా లిఫ్టు చూసేది మా ఆయన కంపెనీయే, ఆ మేనేజరు నంబరు ఈయనకి నోటికి వచ్చు.

"అమ్మా, మెకానిక్ గారు ఇంట్లోనే ఉన్నారటగా. కంపెనీవాళ్ళు సాయంత్రం దాకా ఎవరూ రారంటున్నారు. ఐదో అంతస్తు టీచరమ్మ గారికి నాలుగింటికి కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. ఆవిడ ఆ మోకాళ్ళతో మెట్లు దిగలేరు. కాస్త చూడమనండి."

లోపలికి వెళ్ళి చెప్పాను. ఆయన లేచి కూర్చున్నారు గానీ కాళ్ళు కింద పెట్టలేదు.

"ఇవాళ నేను చెయ్యి పెట్టను. కంపెనీవాళ్ళు వస్తారు."

"ఆవిడ పెద్దావిడండీ. పది నిమిషాల పని మీకు."

"పెట్టనన్నాను కదా."

గొంతు పెంచలేదు. తలుపు తెరిచే ఉంది, సెక్రటరీ గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. తాళాల గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "సరేలెండి. రెస్టు తీసుకోనివ్వండి పాపం" అన్నారు. ఆ పాపం అన్న మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఆయన మెట్లెక్కుతుంటే పై అంతస్తువాళ్ళతో అనడం కూడా వినబడింది. "ఇంట్లోనే మెకానిక్కు. లేవడానికి బద్ధకం."

ఇరవై నాలుగేళ్ళలో మా ఇంటి మీద పడని మాట అది. నాకు ఒళ్ళు తెలియలేదు. తలుపు పిడికి ఉన్న ఎర్ర కార్డుని లాగేశాను. తాడు తెగింది. దాన్ని కుట్టు మిషన్ మీద పడేసి, సంచీ తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

"లేవండి. నలుగురిలో నా పరువు తీయకండి."

ఆయన సంచీని చూడలేదు. తలుపు పిడికేసి చూశారు.

"అది నువ్వు తియ్యకూడదు. పెట్టినవాడే తియ్యాలి."

"ఇది ఇల్లు, మీ మోటారు గది కాదు. ఇక్కడ కార్డులూ గీర్డులూ నడవవు. లేవండి."

లేచారు. లుంగీ విప్పి ప్యాంటు వేసుకున్నారు, ఆరుతున్న చొక్కా తొడుక్కున్నారు. మా అమ్మ బాల్కనీలోంచి, "హమ్మయ్య, లేచాడు" అంది. మేకు కార్డు చేతిలోకి తీసుకున్నాను. ఆ సంగతి కూడా పైన తేల్చేద్దామని వెనకే మెట్లెక్కాను. మాది రెండో అంతస్తు. ఆరో అంతస్తు దాటి, ఇనప మెట్లు ఎక్కితే మోటారు గది. ఆయన ఎప్పుడూ రెండేసి మెట్లు ఎక్కే మనిషి. ఆ రోజు ఒక్కొక్కటే ఎక్కారు, చెయ్యి రెయిలింగు మీంచి తీయలేదు.

గది తలుపు తీశారు. గోడ మీద మెయిన్ స్విచ్ ఎదురుగా ఉంది. దానికేసి చెయ్యి చాపారు. వేళ్ళు దానికి అంగుళం దూరంలో ఆగిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, బయటికి వచ్చి, ఇనప మెట్టు మీద కూర్చుండిపోయారు.

"నా వల్ల కాదు. ఇవాళ నా చెయ్యిని నేను నమ్మను."

నేను చేతిలోని కార్డు చూపించాను. "ఇదెందుకు మీ దగ్గరుంది?"

ఆయన కార్డుకేసి చూశారు. తర్వాత చెప్పారు. నిన్న ఒక పెద్ద బిల్డింగ్‌లో రెండు లిఫ్టులు పక్కపక్కన. మోటారు గది ఒకటే, స్విచ్‌లు రెండు. ఒక లిఫ్టు ఈయనది, రెండోది మేకుది. ఎవరి కార్డు వాళ్ళు తగిలించి ఎవరి లిఫ్టు మీదికి వాళ్ళు వెళ్ళారు. ఈయన పని ముందు అయిపోయింది. పైకి వచ్చారు.

"కార్డు తీశాను. స్విచ్ వేశాను. ఎన్ని వేలసార్లు చేసిన పని, చూడకుండానే చేతులు చేసేస్తాయి. వేశాక పక్కకి చూస్తే నా కార్డు ఇంకా అవతలి స్విచ్‌కి వేలాడుతోంది. నా చేతిలో ఉన్నది వాడి ఫొటో."

"అప్పుడు మేకు ఎక్కడున్నాడు?"

"వాడు లిఫ్టు మీద ఉన్నాడు. లిఫ్టుని వేలాడదీసే ఇనప తీగలు రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు. లిఫ్టు మీదకి ఎక్కగానే అక్కడొక ఎర్ర బటన్ నొక్కాలి, నొక్కితే పైన ఎవరు స్విచ్ వేసినా లిఫ్టు కదలదు. చాలామంది బద్ధకించి నొక్కరు. వాడూ నొక్కేవాడు కాదు, ఎనిమిదేళ్ళు తిట్టి తిట్టి అలవాటు చేశాను. నిన్న నొక్కాడు."

"నొక్కకపోతే?"

నా చేతిలోని కార్డులో మేకు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. వాడి చిన్నకూతురి గౌను మా ఇంట్లో కొక్కేనికి వేలాడుతోంది, గుండీలు కుట్టాల్సి ఉంది.

"వాడేమన్నాడు?"

"నేను స్విచ్ ఆపి, కిందికి దిగి చెప్పాను. వాడి కార్డు నా దగ్గరే ఉండిపోయింది. వాడు కాసేపు కూర్చున్నాడు. తర్వాత, 'అన్నా, నీకు నిద్ర చాల్లేదు, రేపు ఇంట్లో పడుకో, ఎవరికీ చెప్పకు' అన్నాడు. పడుకుంటాను గానీ చెప్పకుండా ఉండలేను. రేపు పొద్దున నేనే వెళ్ళి మేనేజరుకి చెబుతాను. ఒక్క రోజు, కాళ్ళూ చేతులూ కాస్త నా మాట వినేదాకా, ఊరికే ఉందామనుకున్నాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే భయపడతావు. రోజూ నేను వెళ్తుంటే గుమ్మంలో భయపడుతూ నిలబడతావు." తన కుడి చెయ్యి చూసుకుంటూ, "ఆదివారం పడుకుని ఉంటే బాగుండేది" అన్నారు. నింద వేయడానికి అన్న మాట కాదు, లిఫ్టు గురించి చెప్పినట్టే మామూలుగా చెప్పారు. వస్తారండీ, ఇంట్లో ఖాళీగానే ఉన్నారు. నా గొంతే నా చెవిలో మోగింది. ఆ ఫోను ఎత్తిన చేత్తోనే ఇందాక తలుపు మీది కార్డు తెంపాను. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా. ఆయన పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చారు.

మేము అలా కూర్చుని ఉండగానే కింద మెట్ల మీద అడుగుల చప్పుడు. మేకు. నా ఫోను విన్నాక దగ్గర్లో ఉన్న పని వదిలేసి వచ్చాడట, కింద లిఫ్టు ఆగిందని తెలిసి సంచీతో సహా పైకి ఎక్కాడు. మా ఇద్దర్నీ చూశాడు, నా మొహం చూశాడు. అర్థమైనట్టుంది.

"వదినా, నా కార్డు."

ఇచ్చాను. స్విచ్ ఆపి, కార్డు తగిలించాడు. మా ఆయన లేచి దగ్గరికి వెళ్ళి ఆ ఫొటో వాడిదేనా అని వంగి చూశారు. వాడు ఊరుకున్నాడు. కిందికి వెళ్ళి లిఫ్టు మీదకి దిగుతూ అరిచాడు, "బటన్ నొక్కానన్నా." మా ఆయన పైనుంచి, "సరే" అన్నారు. వాడు పని చేసినంతసేపూ, అరగంటకి పైగా, ఈయన ఆ స్విచ్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆ దారిలోకి చీమని కూడా రానిచ్చేదాన్ని కాదు.

మేకు పైకి వచ్చి తన కార్డు తానే తీసుకుని స్విచ్ వేశాడు. లిఫ్టు కదిలింది. ఆ చప్పుడికే సెక్రటరీ గారు పైకి వచ్చారు, తాళాలు గలగలలాడించుకుంటూ. మేకుని మెచ్చుకున్నారు. తర్వాత మా ఆయన్ని కింది నుంచి పైదాకా చూశారు.

"ఇక్కడిదాకా వచ్చి కూడా మీరు చెయ్యి పెట్టలేదేంటి? ఏమైనా జరిగిందా?" అనుమానం అంటే ఏమిటో తెలిసినదాన్ని, ఆయన కళ్ళలో అది నాకు స్పష్టంగా కనబడింది. "ఎలాగూ మీ మేనేజరు గారికి ఇప్పుడే ఫోను చేస్తున్నాను, అడుగుతానులెండి."

మా ఆయనకి అబద్ధం రాదు. నోరు తెరిచారు. రేపు తన నోటితో, తలెత్తుకుని చెప్పుకోవాల్సిన మాట, ఇప్పుడు సెక్రటరీ గారి ఫోనులోంచి పోతే ఎలా పోతుందో నాకు తెలుసు. ఆ మాట బయటికి రాకముందే అడ్డుపడ్డాను.

"ఏమీ జరగలేదండీ. మా ఆయనకి ఇవాళ బద్ధకం."

సెక్రటరీ గారు నన్ను చూశారు. "అలాంటి మనిషి కాదనుకున్నానే."

"నేనూ అలాగే అనుకున్నాను. పట్టపగలు పడుకోవాలట. తన్నినా లేవరట. ఇంత బద్ధకస్తుణ్ణి కట్టుకున్నానని నాకూ ఇవాళే తెలిసింది. దీనికి మేనేజరు గారేం చేస్తారు చెప్పండి, కట్టుకున్నదాన్ని నేనే ఏమీ చేయలేకపోతుంటే."

ఆయన నవ్వారు. అలాంటి సంగతి ఒకటి చేతిలో పడ్డాక ఫోను మాట మర్చిపోయారు. సాయంత్రానికి ఆరు అంతస్తులకీ తెలిసిపోయింది, మెకానిక్ గారి బద్ధకం గురించి పెళ్ళామే చెప్పిందట అని. మర్నాడు మా ఆయన వెళ్ళి మేనేజరుకి అంతా చెప్పారు. రెండు నెలలు లిఫ్టు మీదకి ఎక్కనివ్వలేదు, స్టోరులో కూర్చోబెట్టారు. తర్వాత మళ్ళీ పనిలోకి పిలిచారు. మా బిల్డింగ్‌లో మాత్రం ఆ బద్ధకస్తుడి పేరు ఇప్పటికీ పోలేదు. పోగొట్టాలని నేనూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికి దిగి వచ్చాక, మిషన్ మీద పడేసిన కార్డు తీశాను. తెగిన తాడు బదులు కోటు లోపలి పట్టీ ముక్క ఒకటి కుట్టాను. తలుపు పిడికి తగిలించబోయి ఆగి, తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. ఆయనే తగిలించుకుని లోపలికి వెళ్ళారు. కాసేపటికి గురక వినబడింది.

"మళ్ళీ పడుకున్నాడా?" అంది మా అమ్మ.

"పడుకున్నారు."

"నేను చెప్పలేదూ? మూడేళ్ళు."

మిషన్ తొక్కితే చప్పుడవుతుందని కోటు చేతులు చేత్తో కుట్టాను. నాలుగింటికి టీచరమ్మ గారు లిఫ్టులో దిగి వెళ్ళిన చప్పుడు వినబడింది. ఐదింటికి అలవాటు కొద్దీ టీ పెట్టి, కప్పు పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. కార్డు ఇంకా అలాగే ఉంది. కాసేపు నిలబడ్డాను. టీ చల్లారిపోతోంది. అక్కడే నిలబడి నేనే తాగేశాను.